గుడ్, గుడ్డర్, గుడ్డెస్ట్

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. ఆరోగ్యం సంగతి డాక్టరుగారు చెప్పారు. ఇక నాకు మిగిలింది ఇంగ్లీషు వ్యాకరణం. భోజనానికి ముందు వ్యాకరణమేమిటని మీరు విసుక్కోవడం న్యాయమే. కాని ఇప్పుడే "నాకంటే ముందు" అన్నాను కదా, ఆ "కంటే" అనే చిన్న మాట గురించే నేను చెప్పదలచుకున్నది. ఆ మాట మూలంగా ఒక పిల్ల బడి మానబోయింది, ఒక మిత్రుడికి ఏడాది ప్రమోషను ఆగింది. రెండింటిలోనూ నా చెయ్యి ఉంది.

మన సంఘం భవనంలో సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా, క్యారమ్స్ ఆడే మిత్రులను బతిమాలి బల్ల ఖాళీ చేయించి, చుట్టుపక్కల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న సంగతి మీకు తెలుసు. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలు. నేను టీచర్ని కాను. ముప్పైఆరేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషు "విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్" దగ్గర మొదలై "ఫర్ ఫేవర్ ఆఫ్ నెసెసరీ యాక్షన్" దగ్గర ముగిసేది. సర్వీసులో ఉన్నంతకాలం ఆకుపచ్చ ఇంకు వాడే యోగం మనకు పట్టలేదు. రిటైరయ్యాక ఎర్ర ఇంకు వాడే అవకాశం దొరికేసరికి ఆ సరదా అంతా పిల్లల నోటుపుస్తకాల మీద తీర్చుకున్నాను. ఒక్కొక్క పేజీ చూస్తే పారాణి పెట్టినట్టుండేది.

ఒకరోజు మా ఇంటావిడ కాఫీ గ్లాసు పెడుతూ ఆ పుస్తకాలు తిరగేసి, "ఇదేమిటండీ, అయిదుగురూ ఒకే తప్పు చేశారు. మీరేమో అయిదుసార్లూ కొట్టేశారు. అందరికీ ఒకే చోట కాలు జారిందంటే అక్కడ నేలలో ఏదో ఉండి ఉంటుంది కదా" అంది. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. ఆ మాటతో నాకు పాత అలవాటు మేలుకుంది. ఒక లాంగ్ నోటుబుక్కు తీసి నాలుగు గడులు గీశాను. తేది, పిల్లలు రాసిన వాక్యం, ఉండవలసిన వాక్యం, కారణం. మొదటి మూడు గడులూ వెంటనే నిండేవి. నాలుగోది చాలాకాలం ఖాళీగానే ఉంది. ఆడిటు వాళ్లు చూస్తే తప్పకుండా అభ్యంతరం రాసేవారు.

ఆ రిజిస్టరులో మొదటి వాక్యం ఇది: "గోదావరి ఈజ్ లాంగ్ దేన్ కృష్ణా." విషయం సరైనదే. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, కృష్ణ సుమారు 1,400. భూగోళం మాస్టారైతే మార్కు వేసేవారు. నేను "లాంగర్" అని దిద్దాను. మర్నాడు ఇంకో నలుగురు అదే రాశారు. అప్పుడు ఆలోచించాను. మనం తెలుగులో ఏమంటాం? గోదావరి పొడుగు. గోదావరి కృష్ణకంటే పొడుగు. గోదావరి ఇక్కడి నదులన్నిటికంటే పొడుగు. మూడు వాక్యాల్లోనూ "పొడుగు" అనే మాట కుర్చీలోంచి కదలలేదు. పోలిక బరువు విశేషణం మీద పడలేదు, పక్కనున్న విభక్తి మోసింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి "వలనన్, కంటెన్, పట్టి" అని పంచమీ విభక్తిలో వేసిన ప్రత్యయమే ఈ "కంటే". మన వయసు వాళ్లందరం బెత్తం దెబ్బలతో సహా వల్లించిన వరుస అది. ఇక అందరిలోకీ ఒకణ్ణి ఎత్తి చూపాలంటే "లో" ఉంది. పిల్లలలో పెద్దవాడు, నదులలో గోదావరి. దానిని నిర్ధారణ షష్ఠి అన్నారు. అక్కడా విశేషణానికి పని లేదు.

సంస్కృతంలోనూ పంచమితో పోలుస్తారు, హిందీవాడు "సే" అంటాడు, మనం "కంటే" అంటాం. ఇంగ్లీషువాడు మాత్రం రెండు తాళాలు వేస్తాడు. "దేన్" అనే తాళం ఒకటి, "లాంగ్" చివర "ఎర్" అనే తాళం ఇంకొకటి. మన పిల్లవాడు "కంటే"కు "దేన్" అని పెట్టగానే వాడి లెక్క ప్రకారం తలుపు పడిపోయింది. రెండో తాళం మరిచిపోయాడని మనం అంటాం. దాని అవసరమే వాడికి కనపడలేదు. నాలుగో గడిలో మొదటిసారి నేను రాసిన మాట, "తెలుగు".

ఇది రాశాక నాకు గర్వం వచ్చింది. పిల్లల తప్పులన్నీ తెలుగులోంచే వస్తున్నాయని తేల్చుకుని, అందరికీ చెప్పుకు తిరిగాను. వారం తిరగకుండా "మోర్ బెటర్", "మోర్ టాలర్" వచ్చిపడ్డాయి. ఇందులో తాళాలు తక్కువ కావడం లేదు, మూడవుతున్నాయి. తెలుగు దీనికి ఎలా కారణమవుతుంది?

జిల్లా గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం దొరికింది. భాష నేర్చుకునేవాళ్ల తప్పుల మీద వ్యాసాలు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చెబుతాను. రాబర్ట్ లాడో అనే అమెరికా పండితుడు 1957లో, మాతృభాషా కొత్త భాషా ఎక్కడ వేరుపడతాయో అక్కడే నేర్చుకునేవాడికి కష్టం వస్తుందని రాశాడు. నేను గర్వంగా తేల్చింది అదే, అరవై డెబ్భై ఏళ్లు ఆలస్యంగా. పదేళ్ల తర్వాత, 1967లో, పిట్ కోర్డర్ అనే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. తడబాటు వేరు, దోషం వేరు అన్నాడు. తడబాటు ఎవరికైనా వస్తుంది, చెప్పగానే నాలుక కరుచుకుంటాం. దోషం అలా కాదు. అది నేర్చుకునేవాడు తన బుర్రలో తాను కట్టుకున్న సూత్రంలోంచి వస్తుంది. కాబట్టి ఆ తప్పును చూస్తే వాడు ఎంతవరకు వచ్చాడో తెలుస్తుంది. 1972లో సెలింకర్ అనే ఆయన దానికి ఒక పేరు కూడా పెట్టాడు. మన మాటల్లో మధ్యభాష అనుకోవచ్చు. ఇంటి భాషా కాదు, నేర్చుకునే భాషా కాదు, రెంటికీ మధ్య నేర్చుకునేవాడు సొంతంగా వేసుకున్న తాత్కాలిక వంతెన.

"మోర్ బెటర్" సంగతి అప్పుడు కొంత తెలిసింది. మన ఇళ్లల్లో "బెటర్" ఇంగ్లీషు మాటగా ఏనాడో పోయింది. "ఒంట్లో ఎలా ఉంది?" అంటే "బెటర్" అంటాం. "బస్సుకంటే రైలు బెటర్" అంటాం. అది మనకు "నయం" అనే మాటకు మారుపేరు. నయం అనే మాటలో పోలిక అప్పటికే ఉన్నట్టు ఎవరికి తోస్తుంది? అందుకని "ఇంకా నయం" అన్నట్టే "మోర్ బెటర్" అంటారు. అక్కడ ఇంగ్లీషువాడు "మచ్ బెటర్" అంటాడు. "మోర్ టాలర్" పుట్టుక వేరు. "మోర్" ఒక పాఠంలో, "ఎర్" ఇంకో పాఠంలో చెప్పాం. ఏది ఎక్కడో తెలియక పిల్లవాడు రెండూ పెట్టి, మర్యాదగా పప్పులోనూ పులుసులోనూ నెయ్యి వేశాడు.

ఆ నెయ్యి ఇంగ్లీషువాడికీ ఒకప్పుడు ఇష్టమే. షేక్‌స్పియర్ నాటకాల్లో ఇలాంటి జోడు రూపాలు చాలాచోట్ల ఉన్నాయి. తర్వాత బిషప్పు అయిన రాబర్ట్ లౌత్ వంటివారు వ్యాకరణాలు రాసి (ఆయనది 1762 నాటిది) ఇది కూడదన్నారు. అయినా కొన్ని తప్పించుకున్నాయి. "లెస్" అనేదే పోలిక రూపం, దానికి మళ్లీ "ఎర్" తగిలించి "లెస్సర్" అన్నారు. అది నిఘంటువులో దర్జాగా కూర్చుంది. "నియర్" అనే మాట "నై" అనే పాత మాటకు పోలిక రూపం, "నెక్స్ట్" దాని పై రూపం. ఆ సంగతి జనం మరిచిపోయి "నియరర్", "నియరెస్ట్" అని మళ్లీ కట్టారు. మనమేం తక్కువ తినలేదు. శ్రేష్ఠ అంటేనే అందరిలోకీ గొప్ప అని. యజుర్వేదం మొదట్లోనే "శ్రేష్ఠతమ" అనే మాట ఉంది. ఇప్పుడు మన పత్రికలు "అత్యంత గరిష్ఠ" అని రాస్తాయి. ఇక పెళ్లి శుభలేఖలు చూడండి. ఉన్నది ఇద్దరు కొడుకులే అయినా పెద్దవాణ్ణి "జ్యేష్ఠ పుత్రుడు" అంటాం. ఇంగ్లీషు శుభలేఖలోనూ "ఎల్డెస్ట్ సన్" అని వేయిస్తాం. ఇద్దరే అయితే "ఎల్డర్" అనాలి, "ఎల్డెస్ట్" అంటే ముగ్గురో అంతకు పైనో ఉండాలి. మా ఇంట్లోనూ అలాగే వేయించాం. వచ్చినవాళ్లెవరూ మూడో కొడుకేడని అడగలేదు.

ఇక ఆ పిల్ల సంగతి.

ఎనిమిదో తరగతి. వాళ్లమ్మ మా వీధి మొగలో ఇస్త్రీ బండి నడుపుతుంది. క్లాసులో మాట్లాడడం తక్కువ. ఒకరోజు నేను కొన్ని మాటలిచ్చి మూడేసి రూపాలు చెప్పమన్నాను. ఈ పిల్ల వంతు వచ్చేసరికి "గుడ్" వచ్చింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "గుడ్, గుడ్డర్, గుడ్డెస్ట్" అంది. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. అక్కడ ఆపవలసినవాణ్ణి నేను. ఆపకపోగా, "గుడ్డెస్ట్ అంటే ఏమిటమ్మా, బాగా పెద్ద కోడిగుడ్డా?" అన్నాను. హాలు పగిలిపోయేటట్టు నవ్వారు. క్యారమ్స్ మిత్రులు కూడా అటువైపు నుంచి నవ్వారు. నాకూ నా హాస్యం బాగుందనిపించింది. మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తర్వాత మా లాల్చీలు ఇస్త్రీకి ఇవ్వడానికి వెళితే వాళ్లమ్మ, "బడిలో కూడా అందరూ కోడిగుడ్డు అంటన్నారంట బాబుగారూ. రేపటినుంచి బడికెళ్లనంటంది. ఏవన్నారండీ దాన్ని?" అంది. ఆమెకు అన్నది నేనని తెలియదు. ఎవరో అన్నారనుకుంది. నేను బట్టలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చేశాను.

ఆ రాత్రి రిజిస్టరు తీశాను. ఆ రోజు "గుడ్, బెటర్, బెస్ట్" అని ఠక్కున చెప్పిన పిల్లలున్నారు. వాళ్లు ఎక్కాల్లా వల్లించారు. ఈ పిల్ల అలా కాదు. "టాల్, టాలర్, టాలెస్ట్" విని, ఈ భాషలో మాట చివర ఏదో చేరుస్తున్నారని కనిపెట్టి, తాను ఎన్నడూ వినని మాటకు దాన్ని తగిలించింది. తెలుగులో లేని రెండో తాళం సంగతి ఆ క్లాసులో నిజంగా పట్టుకున్నది ఆమె. గుడ్‌కు మాత్రం ఆ సూత్రం పనికిరాదు. "బెటర్", "బెస్ట్" వేరే మొలకలోంచి వచ్చి దాని పక్కన చేరాయి. అది ఆమె తప్పు కాదు, ఆ భాష తన దగ్గర దాచుకున్న కిరికిరి. ఇంకో సంగతి. "ఓల్డ్"కు పాత రూపం "ఎల్డర్". అచ్చు మారే ఆ రూపం పక్కన, మాట మార్చకుండా చివర మాత్రం చేర్చి "ఓల్డర్" అని జనం కట్టుకున్నారు. ఇప్పుడు "ఓల్డర్" ఎవరికీ తప్పు కాదు. మా పిల్ల చేసింది సరిగ్గా ఆ పనే. మన ఊళ్లో ఈ కాలంలో చేసింది కాబట్టి కోడిగుడ్డయింది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లి వాళ్లమ్మ ఎదుటనే చెప్పాను, ఆ మాట అన్నది నేనేనని. డెబ్భై దాటినవాడు పదమూడేళ్ల పిల్లకు తప్పయిందని చెప్పడం అంత సులువుగా ఉండదు. రెండుసార్లు దగ్గు వచ్చింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి ఎప్పటి చోటే కూర్చుంది. నేను బోర్డు మీద "ఎల్డర్, ఓల్డర్" కథ రాసి, గుడ్డర్ అన్నవాళ్లే ఇంగ్లీషు భాషను నడిపించారని పిల్లలకు చెప్పాను. కొంచెం ఎక్కువే చెప్పాను, అయినా ఆ రోజుకు ఫరవాలేదనుకున్నాను. ఎర్ర ఇంకు కలం అప్పటినుంచి వాడడం లేదు. పెన్సిలుతో గీత గీస్తున్నాను.

ఇప్పుడు రెండో సంగతి. ఇది మన ఆఫీసుల సంగతి.

"సీనియర్ దేన్ మి" అని పిల్లలు రాస్తే నాకు నవ్వు రాదు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్, ఇవన్నీ లాటిన్ భాషలో పోలిక రూపాలుగా పుట్టి ఇంగ్లీషులోకి బదిలీ మీద వచ్చాయి. వచ్చేటప్పుడు "దేన్" తెచ్చుకోలేదు, "టు" అడుగుతాయి. సీనియర్ టు మి. తెలుగులో మాత్రం "నాకంటే సీనియర్" అనే అంటాం, అందుకని పిల్లలకు "దేన్" వస్తుంది. ఇది దిద్దిన మర్నాడే "ఓల్డర్ టు మి" అని రాస్తారు. కొత్త సూత్రం చేతికందితే ఎవరైనా అన్నిటి మీదా ప్రయోగిస్తారు. కొత్త జీవో వచ్చిన వారంలో మనమూ అంతేగా.

1984లో మా కార్యాలయంలో ప్రమోషను ప్యానెలుకు పేర్లు పంపవలసి వచ్చింది. నా పక్క సీటు మిత్రుడి పేరు వెళ్లాలి. నాకంటే నాలుగేళ్లు సర్వీసు ఎక్కువ. ప్రతిపాదన రాసింది నేను. అందులో, ఆయన "సీనియర్ దేన్ ఎనీ క్లర్క్ ఇన్ దిస్ ఆఫీస్" అని రాశాను. పై కార్యాలయంలో ఒక అధికారి దాని కింద ఆకుపచ్చ ఇంకుతో రెండు గీతలు గీసి, "ఆయనా ఈ ఆఫీసు గుమాస్తాయే కదా, తనకంటే తానే సీనియరా? సరిచేసి పంపండి" అని ఫైలు వెనక్కి పంపాడు. "టు" సంగతి వదిలేసి "అదర్" అనే మాటను పట్టుకున్నాడు. "ఎనీ అదర్ క్లర్క్" అని ఉండాలి.

ఆయన చెప్పింది తప్పు కాదు. మన "అందరికంటే"లో చెప్పేవాడు దానంతటదే మినహాయింపు. "మావాడు క్లాసులో అందరికంటే పొడుగు" అంటే, మీవాడు తనకంటే కూడా పొడుగా అని మన ఊళ్లో ఎవడూ అడగడు. ఇంగ్లీషు తర్కం ఆ మినహాయింపును పైకి చెప్పమంటుంది. "విశాఖపట్నం ఈజ్ బిగ్గర్ దేన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్" అని మా పిల్లలు ఇప్పుడూ రాస్తారు, అదే కారణం. "గోదావరి నీళ్లు కృష్ణకంటే తియ్యన" అని మనం అనగలం. ఇంగ్లీషులో అదే వరుసలో రాస్తే నీళ్లను నదితో పోల్చినట్టవుతుంది, కృష్ణ నీళ్లతో అని చెప్పాలి. మనం వినేవాడి బుద్ధికి వదిలేసేవాటిని వాడు కాగితం మీద పెట్టమంటాడు. అంతే తేడా. కాని ఆ తేడాకు ఒక ఫైలు వెనక్కి వచ్చింది.

వచ్చిన రోజుకు నేను సెలవులో ఉన్నాను, మా అమ్మకు ఒంట్లో బాగాలేక. పన్నెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే టపా బల్ల మీద అలాగే ఉంది. ఒక్క మాట చేర్చి అదే రోజు పంపాను. అప్పటికి ప్యానెలు ముగిసింది. మళ్లీ ప్యానెలు మరుసటి ఏడాది. నా మిత్రుడు ఏమీ అనలేదు. "పోనీలే తమ్ముడూ, ఈ కుర్చీకి నేనలవాటు" అన్నాడు. ఏడాది ఆలస్యమంటే ఒక ఇంక్రిమెంటు. ఇంక్రిమెంటు అంటే ఆఖరు జీతం, ఆఖరు జీతమంటే పెన్షను, కమ్యుటేషను, గ్రాట్యుటీ. ఈ హాల్లో ఎవరికీ ఆ లెక్క విడమరిచి చెప్పనవసరం లేదు. వ్యాకరణం తప్పు ఒక వంతు, వ్యాకరణం చూపి ఫైలు తిప్పడం ఒక వంతు, సెలవు మీద వెళుతూ పక్క సీటుకు చెప్పకపోవడం నా వంతు.

ఆయన పోయి ఆరేళ్లయింది. వారి శ్రీమతిగారు ఫ్యామిలీ పెన్షను తీసుకుంటున్నారు. లైఫ్ సర్టిఫికెట్ పని మీద ఈ మధ్య వారింటికి వెళ్లినప్పుడు ఈ కథంతా చెప్పాను. ఇన్నేళ్లూ చెప్పలేకపోయానన్నాను. ఆమె విని, "ఆయన ఆ రోజే చెప్పారన్నయ్యగారూ. పాపం వాడు మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు, నేను బలవంతం చేస్తే రెండు ముద్దలు తిన్నాడు అన్నారు" అన్నారు. ఆ క్యారేజీ సంగతి నాకు గుర్తే లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను, సాంబారు వాసన వస్తోంది. "వన్ ఆఫ్ ది టాలెస్ట్ బాయ్" అని రాస్తారు, "బాయ్స్" అనాలి. దీనికి తెలుగును తిట్టకండి. "పొడుగైనవాళ్లలో ఒకడు" అని మనం బహువచనం చక్కగానే వాడతాం. పిల్లవాడి కన్ను "వన్" మీద పడి అక్కడే ఆగుతుంది. "బెస్ట్" ముందు "ది" మానేస్తారు, అలాంటి మాట మనకు లేదు గనుక. "ఎంత చదివితే అంత వస్తుంది" అనడానికి "యాజ్ మచ్ యు రీడ్, దట్ మచ్ యు లెర్న్" అంటారు. ఇది అచ్చంగా మన "ఎంత, అంత". ఇంగ్లీషులో రెండు పక్కలా "ది మోర్" పెట్టాలి. చెప్పగానే నేర్చుకుంటారు.

కష్టమంతా పరీక్షలో డిగ్రీలు మార్చే ప్రశ్నతో. "నో అదర్" అని మొదలుపెట్టి, "వెరీ ఫ్యూ" అని మొదలుపెట్టి ఒకే సంగతిని మూడు రకాలుగా రాయాలి. మనమూ రెన్ అండ్ మార్టిన్ ముందేసుకుని ఇదే చేశాం. పిల్లలు దాన్ని లెక్కల సూత్రంలా బట్టీ పడతారు, అర్థం ఎటు పోయిందో చూడరు. నేనూ బట్టీ పట్టించాను. ఒకరోజు ఆ ఇస్త్రీ బండి పిల్లే, వాళ్లమ్మ గురించి ఏదో చెబుతూ, "మా అమ్మంత బాగా మడతలు పెట్టేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు తాతగారూ" అంది. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. "నో అదర్" వాక్యం అదే కదా! మనం ఎవరినైనా ఆకాశానికెత్తాలంటే సహజంగా వాడేది "అందరికంటే" కాదు, "అంత... లేరు". ఆయనంతటివాడు లేడు. ఆ వంటంత రుచి ఇంకెక్కడా లేదు. ఇంగ్లీషులో "యాజ్ గుడ్ యాజ్" అన్నది మన "అంత"కు ఎంతో దగ్గర. విశేషణం రెండు భాషల్లోనూ కదలదు. "ఎర్" లేదు, "ఎస్ట్" లేదు.

ఆనాటినుంచి పాఠం తలకిందులు చేశాను. ముందు "అంత"తో మొదలుపెడతాను. ఎవరింట్లో ఎవరంత బాగా ఎవరు ఏం చేయలేరో తెలుగులో చెప్పమంటాను. దాన్ని "యాజ్" లోకి మారుస్తాం. ఆ తర్వాతే "కంటే", ఆ తర్వాతే రెండో తాళం. "గుడ్, బెటర్, బెస్ట్" ఆఖరున. తప్పులు పోయాయని చెప్పను. ఇప్పుడూ "మోర్ బెటర్" వారానికి రెండు వస్తాయి. కాని దిద్దేటప్పుడు పిల్లలే నాలుగో గడిలో ఏం రాయాలో చెబుతున్నారు. "ఇది తెలుగు తాతగారూ", "ఇది ఎక్కువ తెలివి తాతగారూ" అని.

ఆఖరుగా ఒక మనవి. ఈ సభలో మన సంఘంలోకెల్లా వయోవృద్ధులైన సభ్యులవారికి సన్మానం ఉంది. పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఫొటో పంపుకుంటారు, సన్మాన పత్రం ఇంగ్లీషులో ఉంటే బాగుంటుందని కార్యదర్శిగారు రాసే పని నాకు అప్పగించారు. ముప్పైఆరేళ్ల అలవాటు ఊరుకోదు కదా, "ది మోస్ట్ సీనియర్‌మోస్ట్ మెంబర్ ఆఫ్ అవర్ అసోసియేషన్" అని రాశాను. ముగ్గురు ఆఫీస్ బేరర్లు చదివారు, సంతకాలు పెట్టారు, అచ్చయి వచ్చింది. నిన్న సాయంత్రం బల్ల మీద ఉంటే ఆ పిల్ల చదివి, "తాతగారూ, ఇందులో రెండు మోస్ట్‌లున్నాయి. ఒకటి ఎవరిది?" అంది.

మళ్లీ అచ్చు వేయించడానికి వ్యవధి లేదు. ఈ ఉదయం వైట్‌నర్ పూశాను. కొంచెం దళసరిగా పడింది. మూడో పంక్తి దగ్గర ఇంకా తడి ఆరలేదు కాబట్టి, పత్రం అందుకునేటప్పుడు పెద్దలవారు అక్కడ వేలు పెట్టవద్దని ప్రార్థన.